ఇద్దరిదీ ఒకే రక్తం

ఈ మధ్య మా వీధిలో అమ్మాయి ఒకతె ఇంటర్ పాసై, వాళ్ళమ్మను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. బీఎస్సీ ఎమ్మెల్టీలో, అంటే ఆసుపత్రి ల్యాబుల్లో రక్తపరీక్షలూ అవీ చేసే చదువులో, చేరమంటారా వద్దంటారా అని అడిగింది. ఒకప్పుడైతే ఆలోచించకుండా చేరమనేదాన్ని. ఆసుపత్రులున్నన్నాళ్ళూ అన్నం పెట్టే చదువు అని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం అలా అనలేదు. ఆలోచించి చెప్తానని పంపేశాను.

ఎందుకలా పంపానో చెప్పాలంటే నా దగ్గర చదివిన ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. ఈ చదువులోకి రాబోయే పిల్లల్లారా, మీకోసమే రాస్తున్నాను. ఇందులో నీతి ఏమిటని మాత్రం అడక్కండి. ఎంత వెతికినా నాకు దొరకలేదు.

నా సర్వీసంతా కర్నూలులో ప్రభుత్వాసుపత్రి ల్యాబులో గడిచింది. రిటైరయ్యాక కడప శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు ట్యూటరుగా రమ్మంటే వెళ్ళాను. కాలేజీ భవనం పెద్దది, ల్యాబు చిన్నది. మైక్రోస్కోపులు పిల్లలకు చాలేవి కావు. తనిఖీ వాళ్ళు వచ్చే రోజున మాత్రం ఎక్కడినుంచో వ్యానులో మైక్రోస్కోపులు దిగేవి, సాయంత్రానికి మళ్ళీ అదే వ్యానెక్కేవి. బయోకెమిస్ట్రీ చెప్పే సహోద్యోగిని పిల్లలూ మేమూ కూడా భాయ్ సార్ అని పిలిచేవాళ్ళం. వ్యాను వెళ్ళిపోతుంటే ఆయన గేటు దగ్గర నిలబడి, "పుట్టింటికి పోతాండాయి మేడం, తనిఖీ అంటే మళ్ళీ కాపురానికొస్తాయిలే" అనేవాడు. నవ్వుకునేవాళ్ళం. నవ్వక చేసేదేముంది?

మొదటి క్లాసులో ప్రతి ఏడూ నేనొక ప్రశ్న అడిగేదాన్ని. ఈ చదువు ఎందుకు ఎంచుకున్నారు? జవాబులన్నీ తెలిసినవే. నర్సింగులో సీటు రాలేదని ఒకరు, కువైట్‌కు పోవచ్చని ఒకరు, మా అన్న చేరమన్నాడని ఒకరు. ఒక ఏడు చివరి బెంచీలో, మెడలో తాళితో, మిగతా పిల్లల కన్నా కాస్త పెద్దగా కనిపించే అమ్మాయి లేచి నిలబడింది.

"మా పాప చచ్చిపోయింది మేడం. ఏం రోగమో ఎవురూ చెప్పల్యా. ఆ పరీక్షలేందో నేర్చుకుందామని వచ్చినా."

క్లాసు క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. కూర్చోమన్నాను. ఆ పూట పాఠం సరిగా చెప్పలేకపోయాను.

వాళ్ళది ఆలూరు దగ్గర పల్లె. వానొస్తే పంట, రాకపోతే వలస. ఇంటర్ బైపీసీ చదువుతుండగానే మేనమామకిచ్చి పెళ్ళి చేశారు. అతను కమలాపురం దగ్గర నేలకు పరిచే కడప బండలు నునుపు చేసే ఫ్యాక్టరీలో పనివాడు. అక్కడే ఒక గది తీసుకుని కాపురముండేవాళ్ళు. పాప పుట్టి ఏడాది నిండకముందే పాలిపోవడం మొదలైంది. పొట్ట ఉబ్బింది. దిష్టన్నారు, తీయించారు. తర్వాత ఏదో నర్సింగ్ హోంలో రక్తం తక్కువైందని ఇనుము టానిక్కులు రాశారు. ఒకటి రెండుసార్లు రక్తం ఎక్కించారు. ఎందుకు తక్కువైందో అడిగితే, తల్లి సరిగా తినకపోతే ఇంతే అన్నారట. ఆ మాట పట్టుకుని ఆ పిల్ల చాలాకాలం కుమిలిపోయింది. పాప పోయాక భర్తే అన్నాడట: "నువ్వు చదువుకో. ఈడ కూర్చొని ఏడుస్తాంటే నువ్వు కూడా పోతావు."

చదువంటే ఎలా చదివేదో చెప్పాలి. మిగతా పిల్లలు పరీక్షలో వచ్చేది చదివేవాళ్ళు. ఆమె తనకు కావలసింది వెతుక్కుంటూ చదివేది. ప్రతి జబ్బు దగ్గరా ఆగి, ఇది చిన్నపిల్లలకొస్తుందా, పొట్ట ఉబ్బుతుందా అని అడిగేది. రెండో సంవత్సరం వచ్చేదాకా ఆ ఆరా ఆగలేదు. అప్పుడు రక్తం పాఠం మొదలైంది.

గాజు పలక మీద రక్తపు చుక్కను పలచగా పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూడటం ఈ చదువులో అన్నిటికన్నా పాత పని. పిల్లలు ఎవరి వేలు వాళ్ళే పొడుచుకుని చేస్తారు. ఎర్రకణాలు మధ్యలో కాస్త పాలిపోయిన గుండ్రటి బిళ్ళల్లా కనిపించాలి. ఆ రోజు ఆమె చెయ్యెత్తి పిలిచింది.

"నా స్లైడు చెడిపోయినట్టుండాది మేడం. కణాలన్నీ శానా చిన్నగుండాయి. కొన్నింటికి నడిమధ్యలో బొట్టు పెట్టినట్టుండాది."

నేను వంగి చూశాను. స్లైడు చెడిపోలేదు. ఆ క్లాసులో అంత చక్కగా పరిచిన స్లైడు ఇంకొకటి లేదు. మళ్ళీ చేసి చూడమన్నాను. మళ్ళీ అదే. పక్కనున్న పిల్లలవి అదే రంగు, అదే నీళ్ళు, వాళ్ళవి మామూలుగానే ఉన్నాయి. తర్వాత మాట్లాడదామన్నాను. ఆమె నా ముఖం వైపు ఒక్కసారి చూసి, పుస్తకాల సంచి సర్దుకుంది.

మర్నాడు నేను చెప్పే అవసరం లేకపోయింది. పాఠ్యపుస్తకంలో పేజీ తెరిచి నా టేబుల్ మీద పెట్టింది.

"తలసీమియా మైనరా మేడం?"

"అయ్యుండొచ్చు. ఇంకో పరీక్ష చేస్తేగానీ చెప్పకూడదు."

"మా మామకు కూడా ఉంటేనే గదా పాపకు పెద్ద జబ్బు వచ్చేది?"

ఔనన్నాను.

మా విభాగాధిపతి చెడ్డవాడు కాదు. చాలా ఏళ్ళు పనిచేసి అలసిపోయిన డాక్టరు. సంగతి చెబితే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "పెళ్ళయిపోయింది, పాప పోయింది. ఇప్పుడు తెలుసుకుని ఏం చేస్తారమ్మా?" అన్నాడు. అప్పుడు నాకు కోపమొచ్చింది. తెలుసుకోవడమే మన పని కదా సార్ అన్నాను. ఆయన పరీక్ష కాగితం మీద సంతకం పెట్టాడు.

భర్త సెలవు రోజు చూసుకుని వచ్చాడు. తలంటుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నా చెవుల వెనక తెల్లటి రాతి దుమ్ము పోలేదు. అంతంత బండలు ఎత్తేవాడు సూది చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆమే తీసింది రక్తం. "మామా, కదలొద్దు" అంటూ చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

రిపోర్టులు వచ్చిన రోజు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఇద్దరిలోనూ ఆ లోపం సగం సగం ఉంది. సగం ఉన్నవాళ్ళకు ఏమీ కాదు. బిడ్డకు ఇద్దరి నుంచీ వస్తే మాత్రం ఒంట్లో రక్తం నిలవదు. అతను నేల వైపు చూస్తూ అడిగాడు.

"అయితే మా పాప దిష్టి తగిలి పోల్యా."

"కాదప్పా."

"ఇది తిండి పెట్టకపోయినందుక్కూడా కాదు."

"కాదు."

అతను భార్య వైపు తిరిగి, "విన్యావా?" అన్నాడు. ఆమె తలూపింది. ఇద్దరి ముఖాల్లోనూ ఏదో బరువు దించినట్టు కనిపించింది. ఈ పనిలో నా జీవితమంతటికీ ఆ కొద్దిసేపు చాలనుకున్నాను. తర్వాత అతను మెల్లగా అన్నాడు: "ఒకే రక్తం, బయటికి పోగూడదని చేసినారు మేడం మా పెద్దోళ్ళు. ఒకే రక్తమే అయింది."

మళ్ళీ పిల్లలొద్దనుకున్నారు. ఆ నిర్ణయం ఆలూరు పల్లెదాకా వెళ్ళలేదు. అతని తల్లి అంటే ఈమెకు అవ్వ. అత్తా ఆమే, అమ్మమ్మా ఆమే. వచ్చిన ప్రతిసారీ కడుపు వైపు చూసి నిట్టూర్చేది. మూడో సంవత్సరం మధ్యలో ఒకరోజు ఆమె స్టాఫ్ రూములోకి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. నెల తప్పిందని చెప్పింది. భయంతో చెప్పలేదు. అంతా ఆలోచించుకునే వచ్చింది.

"మొదట్లోనే పరీక్ష ఉండాది గదా మేడం. మీరే చెప్పినారు. నాలుగు కాన్పుల్లో ఒకటికే వస్తాది. మూడొంతులు మంచిదే గదా. చూపించుకుంటాం. మంచిదైతే ఉంచుకుంటాం, కాకపోతే తీయించుకుంటాం. నేనూ మామా అనుకున్యాం."

ఇలాంటి మాట ఒక్కటి వినడానికే కదా మనం చదువు చెప్పేది. ఆ రోజు సాయంత్రం బస్సులో ఇంటికి పోతూ నాలో నేనే నవ్వుకున్నాను.

ఆ పరీక్ష ఇక్కడ లేదు, హైదరాబాదు వెళ్ళాలి. భాయ్ సార్ తన చెల్లెలింట్లో వాళ్ళకు బస చెప్పించాడు. "ఫికర్ చేయొద్దప్పా, మా చెల్లెలు సొంత మనిషి మాదిరి చూసుకుంటాది" అని భర్తకు ధైర్యం చెప్పాడు. అవ్వకు తెలియకుండానే వెళ్ళివచ్చారు. కడుపులో బిడ్డ మాయ నుంచి చిన్న ముక్క తీసి, దానిలో లోపం ఉందో లేదో చూస్తారు. కొన్నాళ్ళకు రిపోర్టు ఫోనుకొచ్చింది. తల్లిదండ్రుల మాదిరే బిడ్డకూ సగమే ఉంది, జబ్బు రాదు. ఆమె ఆ ఫోను పట్టుకుని వరండాలో పరుగెత్తుకొచ్చింది. పరుగెత్తకమ్మా అని నేను కేకేశాను. భర్త కమలాపురం నుంచి జిలేబీ పొట్లం తెచ్చాడు. విభాగాధిపతి కూడా ఒక ముక్క తీసుకుని, "ఓడిపోయానమ్మా, ఒప్పుకుంటున్నా" అన్నాడు.

మగబిడ్డ పుట్టాడు. బొద్దుగా ఉన్నాడు. పుట్టాక ఒకసారి మళ్ళీ పరీక్ష చేయించమంటారా అని ఆమె ఆ ల్యాబుకు ఫోన్ చేసి అడిగింది. అక్కర్లేదన్నారు. పెద్ద ల్యాబు మాట. నేనూ సరేనన్నాను.

చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. కాలేజీ ఆసుపత్రి ల్యాబులో పిల్లలు పని చేస్తారు. అవ్వ కమలాపురం వచ్చి ఉండి పిల్లాణ్ణి చూసుకునేది. ఆమె పని చూసి ఆసుపత్రి వాళ్ళు చదువు అయిపోగానే ఉద్యోగమిస్తామన్నారు. మంచి ఎండాకాలం అది. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ ల్యాబులో ఎవరూ లేరు. నేను డబ్బా తెరుచుకుని కూర్చున్నాను. ఆమె పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చింది. వాడు తల్లి భుజం మీద తలవాల్చుకుని ఉన్నాడు. పలకరిస్తే నవ్వలేదు.

మైక్రోస్కోపు దీపం వెలిగించి, చేతిలో ఉన్న స్లైడు దాని కింద పెట్టింది.

"వీనిది మేడం. వారం నుంచి పాలు తాగడంల్యా. పొద్దున వేలు పొడిచినా."

"నువ్వు చూశావా?"

"చూసినా. మీరు చూడండి." పిల్లాణ్ణి ఇంకో భుజానికి మార్చుకుని అంది: "నేను తప్పు చూసినానని చెప్పండి మేడం."

ఆ నాలుగేళ్ళలో నేను ఆమె పరీక్ష పేపర్లు ఎన్ని దిద్దానో! తప్పు వెతుకుదామన్నా దొరికేది కాదు. కంటిని గాజుకు ఆనించాను. కణాలు లోపల ఏమీ లేని గాజుల్లా తేలుతున్నాయి. వాటి మధ్య, ఆ వయసు బిడ్డ రక్తంలో కనిపించకూడని పసికణాలు, నల్లటి గింజలతో. ఎముకల్లో పుట్టి పెరగాల్సినవి, ఒంట్లో రక్తం చాలక, ఎదగకముందే బయటికొచ్చేసినవి. నేను స్లైడు అటూ ఇటూ జరుపుతూనే ఉన్నాను. తలెత్తితే ఏదో ఒకటి చెప్పాలి. పిల్లాడు చిన్నగా మూలుగుతున్నాడు.

చివరికి ఆమే అంది: "చాల్లెండి మేడం."

నేను తలెత్తాను. ఆమె ఏడవడం లేదు. ఏ పాఠమో అప్పజెబుతున్నట్టు చెప్పుకుపోయింది. "మాయ ముక్కకు తల్లి కణాలు అంటుకొనుంటాయి. వాటిని ఏరి శుభ్రం చేయల్ల. చేసినాక కూడా కలవలేదని ఇంకో పరీక్షతో చూసుకోవల్ల. వాళ్ళు చూసుకోల్యా. మా ఇద్దరిదీ ఒకే లోపం గదా, కలిసినా వాళ్ళకు తేడా తెల్యల్యా. వాళ్ళు చూసింది నన్ను మేడం. నాకు సగముండాదని నాకే చెప్పినారు. వాన్ని ఎవురూ చూడనేల్యా."

పిల్లాణ్ణి అందుకుని ఒళ్ళో వేసుకున్నాను. అరచేతులు తెల్లగా, మైనంలా ఉన్నాయి.

పెద్ద పరీక్షలన్నీ అయ్యాయి. ఆమె చెప్పిందే నిజమని తేలింది, పిల్లాడికి పెద్ద జబ్బే. నేను హైదరాబాదు ల్యాబుకు ఫోన్ చేశాను. తిట్టడానికే చేశాను. ఎవరెవరికో తిప్పి, రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో నూటికి నూరుపాళ్ళు నమ్మకం కాదని రాసే ఉంది కదా అన్నారు. నేను వదల్లేదు. చివరికి ఆ శాంపిల్ చూసిన అమ్మాయినే ఫోన్లోకి పిలిచారు. లేత గొంతు. "మేడం, ఆ దినం శాంపిళ్ళు మస్తు వచ్చినయి. రెండో పరీక్ష కిట్టు అయిపోయింది. అట్లనే పంపమన్నరు" అంది. తర్వాత, "బాబు ఎట్లున్నడు మేడం?" అని అడిగింది. నా దగ్గర చదివిన పిల్లల్లో ఎవరైనా కావచ్చు ఆ గొంతు. ఫోన్ పెట్టేశాను.

పిల్లాడి జబ్బు రక్తానిదని అవ్వకు ఎలా తెలిసిందో, ఒకరోజు ఒక్కతే కాలేజీ వెతుక్కుంటూ వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని, చెయ్యి చాపి నా ముందు కూర్చుంది.

"నా నెత్తురు తీసుకోండమ్మా, వానికి పెట్టండి. నాకేమీ రోగం ల్యా. నేనే గదా నా కొడుక్కు నా మనవరాల్ని చేసుకుంది. నాది పెడితే సరిపోతాది."

ఆమె వయసుకు రక్తం తీసుకోరు. ఊరికే పంపితే బాధపడుతుందని కాస్త తీశాం. మనవరాలే తీసింది. ఆ స్లైడు కూడా మేమిద్దరం చూశాం. చిన్న కణాలు, నడుమ బొట్లు. ఆ లోపం ఆమె నుంచే కొడుక్కూ కూతురికీ, ఆ కూతురి నుంచి ఈ పిల్లకూ వచ్చింది. అవ్వ బయట బెంచీ మీద కూర్చుని ఉంది.

"అవ్వకు చెప్పొద్దు మేడం" అంది ఆమె. స్లైడు తీసి నీళ్ళలో వేసింది.

చెప్పలేదు. మీ నెత్తురు మంచిదే అవ్వా, వయసు మీదపడింది కాబట్టి తీసుకోవడం లేదు అన్నాను. ఆ ముసలామె చాలా సంతోషపడింది.

ఆ అమ్మాయి ఇంటర్న్‌షిప్ పూర్తిచేసి డిగ్రీ తీసుకుంది. కానీ ఉద్యోగంలో చేరలేదు. భాయ్ సార్ కమలాపురం దాకా వెళ్ళి అడిగివచ్చాడు. నేనూ ఫోన్ చేశాను. పిల్లాడికి మందులూ రక్తమూ కావాలంటే జీతం అవసరమే కదా, ఎందుకు కాదంటున్నావని గట్టిగానే అడిగాను.

"ట్యూబు పట్టుకోలేను మేడం. దానిమింద ఒక పేరుంటాది గదా. ఆ పేరుండే మనిషి ఇంట్లో కూర్చొని మనల్ని నమ్ముకొనుంటాది. నేను సరిగ్గానే చేస్తా, తెలుసు. కిట్టు అయిపోయింది, అట్లే పంపమంటే ఏం చేసేది?"

పంపనని చెప్పు అందామనుకున్నాను. అలా చెప్పినవాళ్ళ ఉద్యోగాలు ఎన్నాళ్ళుంటాయో నాకు తెలుసు. ఇప్పుడామె భర్త పనిచేసే ఫ్యాక్టరీలోనే బండలు తడిపి తుడిచే పని చేస్తోంది. నేను చదువు చెప్పినవాళ్ళలో అంత మంచి కన్ను ఇంకెవరికీ లేదు. ఆమెతోపాటు చదివి, ఆమె స్లైడు చూసి బొమ్మలు గీసుకుని గట్టెక్కినవాళ్ళు బద్వేలు నుంచి ఆలూరు దాకా బజారుకొక ల్యాబులో కూర్చుని రిపోర్టులిస్తున్నారు. వాళ్ళు కనిపించినప్పుడల్లా కాళ్ళకు దండం పెడతారు. నేనూ దీవిస్తాను.

పోయిన ఎండాకాలం వాళ్ళను చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళాను. నెలనెలా పిల్లాడికి రక్తం ఎక్కించాలి. ఎండాకాలంలో కాలేజీలకు సెలవులు, రక్తమిచ్చే కుర్రాళ్ళుండరు, అందుకని ఆ నెల చాలా ఆలస్యమైంది. భర్త బయట ఎవరెవరికో ఫోన్లు చేస్తున్నాడు. ఎముకల్లోని మూలుగ మార్చే ఆపరేషను సంగతి ఎవరో చెప్పారట. తోబుట్టువుంటే మేలన్నారట. "ఇంకొకరిని కంటే వీనికి పనికొస్తారంటాండారు మేడం. నేను దాన్ని అడగలేను" అన్నాడు. నేనూ అడగలేదు.

సాయంత్రానికి ఎలాగో రక్తం దొరికింది. నర్సమ్మ సీసాలూ దూదీ సర్దుకుంటూ మంచం దగ్గరికి వచ్చింది. తల్లి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పిల్లాడు బళ్ళో వేసే వయసుకు వచ్చాడు. వయసుకు తగ్గ ఎత్తు లేదు, ముఖంలో ఎముకలు పొంగుకొచ్చాయి. నర్సమ్మ వాడి కుడిచెయ్యి పట్టుకుని నరం కోసం తడుముతోంది. వాడు ఏడవలేదు, గింజుకోలేదు. ఆ చెయ్యి మెల్లగా వెనక్కి లాక్కుని, రెండో చెయ్యి మోచేతి దాకా చొక్కా పైకి మడిచి ముందుకు చాపాడు.

"దాంట్లో నరం లేదక్కా. ఈ చేతికి గుచ్చు, ఈడుండాది" అన్నాడు.